గడప దాటిన బిడ్డకు మరో గడప

మదురైలో ఇద్దరు పిల్లలు ఒకరికొకరు కుటుంబమయ్యారు. తంజావూరులో ఒక గురువు వారికి ఇంటి పెద్ద అయ్యారు. కన్నవారి ఇల్లు కాదన్న బిడ్డను పెంచేదెవరన్న ప్రశ్నకు వారి జీవితంలో ఒక సమాధానమున్నది.

1984వ సంవత్సరం. మదురైకి చెందిన ఇద్దరు స్నేహితులు తంజావూరు నాట్యాచార్యులు కె.పి. కిట్టప్ప పిళ్లైని ఆశ్రయించి, తమకు భరతనాట్యం నేర్పవలసిందని ప్రార్థించారు. వారి వయస్సు ఇరవై ఏళ్ల ప్రాంతం. నాట్యానికి కాలు సాధు కావలసిన ఈడు అప్పటికే దాటిపోయింది. సిఫారసు చేసే పెద్దలు లేరు. వెంట తల్లి లేదు, తండ్రి లేడు. వీటన్నింటినీ మించిన చిక్కు మరొకటి ఉన్నది. లోకం వారిని మగపిల్లలన్నది. వారు మాత్రం ఊహ తెలిసిన నాటి నుండి తాము ఆడపిల్లలమేనని ఎరిగి ఉన్నారు.

గురువు వెంటనే ఒప్పుకోలేదు. అలాగని పొమ్మనీ అనలేదు. ఏడాది కాలం వారు వేచి ఉండవలసి వచ్చింది. ఆ తరువాత మొదలైన పాఠం పదిహేనేళ్లు సాగింది. ఆ ఇద్దరిలో ఒకరికి గురువే కొత్త పేరు పెట్టారు: నర్తకి. నర్తకి నటరాజ్ అన్న ఆ పేరుతోనే 2019లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ గౌరవం పొందిన మొదటి ట్రాన్స్‌జెండర్ మహిళ ఆమె. రెండవవారు శక్తి భాస్కర్. చిన్ననాటి నుండి ఆమె వెన్నంటి ఉన్న నేస్తం.

పద్మశ్రీ నాటి ఛాయాచిత్రాలను దేశమంతా చూసింది. ఎవరూ చూడనిది అంతకు ముందటి కాలం. పన్నెండేళ్లకు, ఇరవై ఏళ్లకు మధ్య ఆ పిల్లలను కాపాడినదెవరు? అన్నం పెట్టినదెవరు? తప్పు చేస్తే మందలించినదెవరు? నేటి పరిభాషలో ‘క్వీర్’ అని పిలుస్తున్న పిల్లలందరి విషయంలోనూ తలెత్తే ప్రశ్న ఇదే. ఆ బిడ్డ ఏమిటన్నది తరువాతి మాట. ఆ బిడ్డను పెద్ద చేసే ఇల్లు ఏదన్నది మొదటి మాట.

రెండు ప్రాణాల కుటుంబం

మదురై మీనాక్షి పట్టణం. అక్కడ అమ్మవారికే అగ్రపూజ. ఆ ఆలయంలో వెళ్లియంబలమనే వెండి సభ ఉన్నది. లోకంలోని నటరాజ మూర్తులన్నీ ఎడమ పాదం ఎత్తి ఆడుతూ ఉండగా, ఇక్కడి స్వామి కుడి పాదం ఎత్తి ఆడతాడు. ఒక పాండ్యరాజు నాట్యం నేర్చుకొని, నిత్యం ఒకే కాలిపై నిలవడంలోని శ్రమ తెలిసి, స్వామిని కాలు మార్చుకొమ్మని వేడుకొన్నాడనీ, భక్తుని మాట మన్నించి స్వామి కాలు మార్చి ఆడాడనీ స్థలపురాణం చెబుతుంది. విగ్రహశాస్త్రం ఒక తీరున ఉండాలన్న చోట మరొక తీరున నిలిచిన దేవుణ్ణి ఆ ఊరు శతాబ్దాలుగా కొలుస్తున్నది.

అటువంటి ఊళ్లో 1964లో ఒక పెద్ద కుటుంబంలో నర్తకి జన్మించింది. కలిగిన ఇల్లు. పిల్లలు అనేకులు. వారిలో ఈ ఒక్క బిడ్డ నడక వేరు, మాట వేరు, ఆట వేరు. తనకేమయిందో చెప్పుకొనడానికి ఆ బిడ్డకు మాట లేదు. ఆనాటి తమిళంలో అటువంటి వారిని ఉద్దేశించిన మాటలు చాలా వరకు తిట్లే. ‘తిరునంగై’ అన్న గౌరవవాచకం ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చినది ఎన్నో ఏళ్ల తరువాత, ఈ శతాబ్దంలో. 2008లో తమిళనాడు ప్రభుత్వం వారి సంక్షేమానికి ప్రత్యేక మండలిని ఏర్పాటు చేసే నాటికి ఆమెకు నలభై ఏళ్లు దాటాయి. పేరు లేని బాధను పిల్లలు తమ తప్పిదంగానే భావిస్తారు. ఇంటివారు కూడా అలాగే భావించారు.

ఆ స్థితిలో దొరికిన తోడు శక్తి. ఒకే ఈడు, ఒకే ఊరు, ఒకే స్వభావం. ఈ లోకంలో తనవంటి మనిషి మరొకరున్నారని తెలియడం ఎంతటి ధైర్యమో, అది ఎన్నడూ తెలియక పెరిగినవారే చెప్పగలరు. ఇంట్లో ఇమడలేని పరిస్థితి వచ్చినప్పుడు, బాల్యం పూర్తిగా గడవక ముందే, ఇద్దరూ కలిసి గడప దాటారు. చిన్నచిన్న పనులు చేసుకొని బతికారు.

ఇల్లు విడిచిన ఒంటరి పిల్లల గతి ఏమవుతుందో మన దేశంలోని ఏ రైల్వేస్టేషనులోనైనా చూడవచ్చు. ఒకరు ఉంటే అది అనాథత్వం. ఇద్దరు ఉంటే అది కుటుంబానికి నాంది. ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకొని ఉండవచ్చు. ఒకరికి జ్వరం వస్తే ఒకరు పనికి పోవచ్చు. సంపాదించిన నాలుగు డబ్బులు దాచుకొనడానికి నమ్మకమైన చేయి ఒకటి ఉంటుంది. అన్నింటినీ మించి, నీవు చెడ్డదానివి కావని రోజుకొకసారైనా చెప్పే గొంతు ఒకటి ఉంటుంది. పెద్దలు చేయవలసిన ఈ పనులను ఆ ఇద్దరు పిల్లలూ ఒకరికొకరు చేసుకొన్నారు. ఒకరికొకరు తల్లి, తోబుట్టువు, రక్షకులు.

వారి నాట్యశాల సినిమా హాలు. వైజయంతిమాల, పద్మిని నటించిన చిత్రాలను మళ్లీ మళ్లీ చూసి, ఆ ముద్రలను, ఆ అడుగులను ఇంటికి వచ్చి అనుకరించేవారు. ఒకరు ఆడితే ఒకరు చూసి తప్పులు దిద్దేవారు. అయితే అనుకరణకు ఒక హద్దున్నదని వారికి త్వరలోనే బోధపడింది. తెరపై బొమ్మ పాదం ఎక్కడ పడిందో చూపుతుంది. పాదం అక్కడే ఎందుకు పడాలో చెప్పదు. వైజయంతిమాలకు నాట్యం నేర్పినవారిలో తంజావూరు కిట్టప్ప పిళ్లై ఒకరని తెలిసినప్పుడు, నేర్చుకొంటే ఆయన వద్దనే నేర్చుకోవాలన్న పట్టుదల కలిగింది.

వేషం వేస్తే హారతి, వేషం కాకపోతే తలుపు

పురుష దేహంలో స్త్రీ భావం పలకడం మన కళలకు కొత్త కాదు. మన కూచిపూడినే చూడండి. తరతరాలుగా ఆ భాగవత మేళాలలో స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరించారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ పట్టుకొని రంగం మీదికి వస్తే, ప్రేక్షకులలోని స్త్రీలే ఆ హొయలు చూసి ముక్కున వేలేసుకొనేవారు. 1961లో సంగీత నాటక అకాడమీ, 1970లో పద్మశ్రీ ఆయనను వరించాయి. పదిహేడవ శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాలుని నాయకునిగా భావించి, తాను నాయికయై వందల కొద్దీ పదాలు తెలుగులో పలికాడు. విజయరాఘవ నాయకుని తంజావూరు సభలో ఆయనకు దక్కిన ఆదరం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం.

ఇంతటి సంప్రదాయం ఉన్న సమాజం ఒక చిన్న షరతు మాత్రం విధించింది. ప్రదర్శన ముగిసిన తరువాత వేషం తీసివేయాలి. మీసం పెంచుకోవాలి. పెళ్లాడాలి. తెల్లవారేసరికి మగవాడు మగవాడుగానే కనిపించాలి. ఏ బిడ్డకు అది వేషం కాక స్వభావమో, ఆ బిడ్డకు హారతి పట్టిన చేతులే తలుపు మూశాయి. కళలో మెచ్చుకొన్నదాన్ని కడుపున పుట్టిన బిడ్డలో భరించలేకపోయాము.

కిట్టప్ప పిళ్లై ముందుకు వచ్చిన సమస్య సరిగ్గా ఇదే. ఆయన సామాన్య గురువు కారు. తంజావూరు చతుష్టయంగా పేరుపొందిన చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు సోదరుల వంశంలో 1913లో జన్మించారు. ముత్తుస్వామి దీక్షితుల శిష్యులైన ఆ నలుగురు సోదరులే రెండవ శరభోజి కాలంలో భరతనాట్య కచేరికి నేటి క్రమాన్ని కూర్చారు. అలరిప్పుతో మొదలై, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదాల మీదుగా తిల్లానాతో ముగిసే ఆ మార్గం వారి చేతి చలువే. మరాఠా ప్రభువులు ఏలుతున్న ఆ తమిళ నగరంలో వారు రచించిన వర్ణాలలో అనేకం తెలుగులో ఉండడం మనకు గర్వకారణం. కిట్టప్ప తండ్రి పొన్నయ్య పిళ్లై 1933లో సంగీత కళానిధి బిరుదు పొందిన విద్వాంసుడు. నాట్యం నేర్పినవారు మాతామహులైన పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై.

అంత బరువైన వారసత్వం మోస్తున్న వ్యక్తి, ఊరూ పేరూ లేని ఇద్దరిని, అందునా లోకం వెక్కిరించే ఇద్దరిని, శిష్యులుగా స్వీకరిస్తే నలుగురూ ఏమంటారు? ఆ ఏడాది నిరీక్షణ ఎవరికి పరీక్ష అయినదో చెప్పడం కష్టం. శిష్యుల ఓర్పుకు పరీక్షే అనుకొందాము. వారు నిలిచారు.

గురుకులమనే ఇల్లు

కులమన్న మాటకు వంశమని, ఇల్లని కూడా అర్థాలున్నాయి. గురుకులమంటే గురువు వంశం, గురువు ఇల్లు. రక్తసంబంధం లేని బిడ్డ ఒక ఇంటి బిడ్డ కావడానికి మన దేశంలో వేల ఏళ్లుగా ఉన్న మార్గమిది. ఉపనయనంతో వటువును గురువు తిరిగి కంటాడని పూర్వులు భావించారు. ఈ ఏర్పాటు చాలా కాలం కొన్ని వర్ణాలకే పరిమితమైనదన్న మాట నిజమే. నట్టువనార్ల ఇళ్లలో అది నాట్యానికి, సంగీతానికి వర్తించింది. కిట్టప్ప పిళ్లై ఆ పాత మార్గాన్నే ఈ కొత్త బిడ్డలకు తెరిచారు.

గురుకులంలో దొరికేది జాలి కాదు. పని. తెల్లవారకముందే లేవాలి. అరమండి చెక్కుచెదరకుండా నిలవాలి. తట్టుకళి మీద గురువు వేసే తాళానికి పాదం తప్పకూడదు. జతులు నోటికి రావాలి. పదానికి అర్థం తెలియాలి; తెలుగు వర్ణమైతే తెలుగు మాట సాఫీగా పలకాలి. వెలి పడిన బిడ్డకు తిండి పెట్టేవారు అరుదుగానైనా దొరుకుతారు. అడుగు తప్పితే కోప్పడేవారు దొరకరు. నీవు ఇంకా బాగా చేయగలవని పట్టుబట్టడం ప్రేమలో ఒక భాగం. కన్నవారు పిల్లల చదువు విషయంలో చేసేది అదే గదా!

ఆమెకు ఆ గురువు ప్రత్యేకంగా అందించినది తంజావూరు సంప్రదాయంలోని నాయికా భావం. నాయకునికై ఎదురుచూసే నాయిక, అలిగిన నాయిక, సఖితో మొర పెట్టుకొనే నాయిక ఆ వర్ణాలలో, పదాలలో అడుగడుగునా కనిపిస్తుంది. అక్కడ స్త్రీగా ఉండడం నేరం కాదు, అర్హత. ఊరు ఏ స్వభావాన్ని చూసి నవ్విందో, ఆ స్వభావమే ఈ ఇంట విద్యకు పెట్టుబడి అయినది. గురువు పెట్టిన ‘నర్తకి’ అన్న పేరులోనూ ఆ అంగీకారం ఉన్నది. తమిళంలోనూ తెలుగులోనూ అది స్త్రీలింగ పదం. వాదం లేదు, ఉపన్యాసం లేదు, నామకరణమే తీర్పు.

తంజావూరులోని తమిళ విశ్వవిద్యాలయంలో కిట్టప్ప పిళ్లై పాఠం చెప్పిన రోజులలో నర్తకి ఆయనకు సహాయకురాలిగా పని చేసింది. 1999లో ఆయన కన్నుమూసే వరకు ఆ అనుబంధం కొనసాగింది. శక్తి అదే నీడన ఎదిగారు. తరువాతి కాలంలో ఇద్దరూ కలిసి నాట్య పాఠశాల నడిపారు.

మరికొన్ని గడపలు

అందరికీ కిట్టప్ప పిళ్లై దొరకరు. ఈ దేశంలో ఇల్లు విడిచిన ఇటువంటి పిల్లలలో ఎక్కువమందిని తీసుకొన్నది హిజ్రాల జమాత్‌లే. బయటి నుండి చూసేవారికి అది ఒక గుంపు. లోపల అది పకడ్బందీ కుటుంబం. అక్కడ గురువు తల్లి, చేలా కూతురు, గురువుకు గురువు నాని. ఒకే గురువు చేలాలు అక్కచెల్లెళ్లు. పెద్దల సమక్షంలో ‘రీత్’ జరిగితేనే బంధం స్థిరపడుతుంది. పాలు తాగి తల్లీ కూతుళ్లయ్యే దూద్ సంబంధాలు మరొకటి. హైదరాబాదులోని హిజ్రాల వంశాలను షహర్‌వాలా, లష్కర్‌వాలా అని రెండుగా చెప్పుకొంటారని గాయత్రీ రెడ్డి 2005లో వెలువరించిన పరిశోధన గ్రంథంలో వివరించారు. లష్కర్ అంటే సికింద్రాబాదు. జంట నగరాల మధ్య సరిహద్దు వంశవృక్షంలోకి కూడా ఎక్కిందన్నమాట.

ఆ ఇళ్ల సుఖదుఃఖాలను లోపలి నుండి చెప్పిన రచయిత్రి ఎ. రేవతి. తమిళనాడులో ఒక పల్లె కుటుంబంలో పుట్టి, కౌమారంలోనే ఇల్లు విడిచి, ఢిల్లీలో, ముంబయిలో జమాత్‌ల నీడన పెరిగిన జీవితాన్ని ఆమె దాపరికం లేకుండా రాసింది. పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరిట దాన్ని తెలుగు చేసి, 2015 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందారు. ఆ కుటుంబాలలో ఆప్యాయత ఉన్నది, కట్టుబాటు ఉన్నది, తప్పు చేస్తే జరిమానా ఉన్నది. చేలా సంపాదనలో గురువుకు వాటా ఉన్నది. అయితే ఆ సంపాదనకు మిగిలిన దారులు మాత్రం బిచ్చమెత్తడం, బధాయి, లేదా దేహవిక్రయం. ఇల్లు దొరికిన బిడ్డకు బడి దొరకలేదు. ఆ కొరత ఆ ఇంటిది కాదు. ఆ ఇంటికి వేరే పని దొరకనివ్వని సమాజానిది.

బళ్లారి ప్రాంతంలో మూడవ గడప ఒకటి ఉన్నది. 1953 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో తెలుగు జిల్లాలతో కలిసి ఉన్న ప్రాంతమది. అక్కడ, మన తెలంగాణ పల్లెలలో వలెనే, ఎల్లమ్మ తల్లికి పెద్ద పూజలు. దేవి తన సేవకు కోరుకొన్నదని భావించిన మగపిల్లలను ఆమెకు అర్పించి జోగప్పలుగా చేసే ఆచారం ఉన్నది. మంజునాథ శెట్టి అనే బాలునికి పదిహేనేళ్ల ప్రాయంలో, హోస్పేట సమీపంలోని హులిగెమ్మ ఆలయంలో మొలతాడు తెంపి, గాజులు తొడిగి ఆ దీక్ష ఇప్పించారు. బిడ్డ దేవికి చెందినదై పూజ్యురాలయింది. అంతటితో ఇంటికి పరాయిదయింది. ఆనాడు తల్లి పడ్డ దుఃఖాన్ని మంజమ్మ జోగతి తరువాత అనేకసార్లు చెప్పుకొన్నది. విషం తాగి చావు అంచు దాకా పోయి వచ్చిన బిడ్డ ఆమె. బిచ్చమెత్తిన రోజులున్నాయి. చివరకు తలపై బిందెతో ఆడే జోగతి నృత్యం, దాన్ని నేర్పిన కాళవ్వ జోగతి సాంగత్యం ఆమెను నిలబెట్టాయి. కాళవ్వ తరువాత ఆ బృందానికి ఆమే పెద్ద దిక్కు అయింది. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయింది. 2021లో పద్మశ్రీ అందుకొనే వేళ, రాష్ట్రపతి ఎదుట నిలిచి చీర కొంగుతో దిష్టి తీసిన ఆ వృద్ధురాలిని దేశమంతా చూసింది. ఆమెకు రాష్ట్రపతి కూడా దిష్టి తగలకూడని ఒక బిడ్డే.

తంజావూరు ఇంటిలో, ముంబయి జమాత్‌లో, బళ్లారి బృందంలో కనిపించే పోలిక ఒక్కటే. పెద్దవారొకరు ఆ బిడ్డను తమ తరువాతి తరంగా చూశారు. ఆ చూపే వారిని కుటుంబం చేసింది. తేడా కూడా ఒక్కటే. చేతికి అందించిన విద్య ఎటువంటిదన్నది.

చట్టం కంటికి కనిపించని ఇల్లు

ఇటువంటి ఇళ్లను చట్టం ఎలా చూసిందో తెలుసుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టంలో బ్రిటిషు వారు హిజ్రాలకై ఒక ప్రత్యేక భాగం కేటాయించారు. పోలీసు రిజిస్టరులో పేరు ఎక్కినవారి ఇంట పదహారేళ్ల లోపు బాలుడు ఉంటే అదే నేరం. రెండేళ్ల వరకు జైలు. నిజాం రాజ్యంలో 1919లో, ఫసలీ 1329లో, ఆ పోలికతోనే మరొక చట్టం చేశారు. నిజాం రాజ్యం పోయినా ఆ చట్టం గ్రంథాలలో మిగిలిపోయి, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసే వరకు పేరుకు బతికే ఉన్నది. కన్నవారు వెళ్లగొట్టిన బిడ్డను చేరదీసే ఏకైక గడపను నూరేళ్లకు పైగా చట్టం నేరస్థలంగా లెక్కించింది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయసేవల సంస్థ కేసులో, తాము పురుషులమో స్త్రీలమో మూడవవారమో నిర్ణయించుకొనే హక్కు ఆయా వ్యక్తులదేనని తీర్పు చెప్పింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ న్యాయస్థానం ఆజ్ఞ లేకుండా తల్లిదండ్రుల నుండి వేరు చేయరాదని అందులోని పన్నెండవ సెక్షను చెప్పింది. వినడానికి మంచి మాట. తల్లిదండ్రులు చూసుకోలేకపోతే? న్యాయస్థానం పునరావాస కేంద్రానికి పంపాలన్నది చట్టం ఇచ్చిన జవాబు. కుటుంబమంటే రక్తం వల్ల, వివాహం వల్ల, దత్తత వల్ల ఏర్పడినదేనని ఆ చట్టం నిర్వచించింది. కొట్టే ఇల్లు, లేదా సర్కారు కేంద్రం. ఈ రెండింటి నడుమ కాళవ్వకు, కిట్టప్ప పిళ్లైకి, శక్తికి ఆ చట్టంలో చోటు లేకపోయింది.

న్యాయస్థానాల ఆలోచన మాత్రం అంతకన్నా ముందుకు సాగింది. 2022 ఆగస్టులో ఒక నర్సు ప్రసూతి సెలవుకు సంబంధించిన దీపికా సింగ్ కేసులో, తల్లి, తండ్రి, పిల్లలు అన్న మూసలో ఇమడని కుటుంబాలు కూడా కుటుంబాలేననీ, క్వీర్ సంబంధాలతో ఏర్పడినవి కూడా చట్టరక్షణకు పాత్రమైనవేననీ సుప్రీంకోర్టు పేర్కొన్నది. 2025 మేలో మద్రాసు హైకోర్టు మరొక అడుగు వేసింది. తన స్నేహితురాలితో జీవించదలచిన యువతిని కన్నవారు నిర్బంధించిన కేసులో, కుటుంబం ఏర్పడడానికి వివాహమొక్కటే మార్గం కాదని, ఎంచుకొన్న కుటుంబమన్నది గుర్తింపు పొందిన భావనేనని చెప్పింది. అయితే ఆ యువతికి పాతికేళ్లు. ఎంచుకొనే హక్కు మేజరుది. పద్నాలుగేళ్ల బిడ్డ గడప దాటితే ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉన్నది.

చేరదీసేవారందరూ మంచివారే అనుకొనడం అమాయకత్వం. పిల్లలను వాడుకొనేవారు ఏ పేరుతోనైనా రావచ్చు. కనుక పరిశీలన ఉండవలసిందే. అయితే పరిశీలన అంటే తలుపు మూయడం కాదు. అసలు ఆ బిడ్డ కన్నవారి గడప దాటే అవసరమే రాకపోతే అంతకన్నా మేలు లేదు. ఏ చట్టమూ చేయలేని ఆ పనిని ఏ తల్లి అయినా, ఏ తండ్రి అయినా ఒక్క మాటతో చేయగలరు.

వెండి సభ

నర్తకికి 2007లో కలైమామణి బిరుదు, తరువాత సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించాయి. తమిళనాడు పాఠ్యపుస్తకంలో ఆమె జీవితం పాఠమయింది. బడిలో నవ్వులపాలైన నడక బడిపిల్లలు చదువుకొనే వాక్యాలుగా మారింది. 2021లో రాష్ట్ర అభివృద్ధి విధానాల మండలిలో ఆమెను సభ్యురాలిగా నియమించారు.

శక్తి, ఆమె విడిపోలేదు. మదురైలో ఇద్దరు పిల్లలు ఏర్పరచుకొన్న ఇల్లు తంజావూరు మీదుగా చెన్నై చేరి, దశాబ్దాలు నిలిచింది. ఆ ఇంటికి రిజిస్టరులో పేరు లేదు. అక్కడ నాట్యం నేర్చుకొనడానికి వచ్చిన పిల్లలకు ఆ పేరుతో అవసరమూ లేకపోయింది. గురువు తమకిచ్చినదాన్ని ఆ ఇద్దరూ తరువాతి తరానికి అందించారు.

వారు నెలకొల్పిన నాట్య సంస్థ పేరు ‘వెళ్లియంబలం’. చిన్ననాట తమను నిలువనీయని ఊరిలో, కుడి పాదం ఎత్తి ఆడే స్వామి కొలువున్న సభ పేరది. ఆ స్వామిని ఎవరూ శాస్త్రం తప్పినవాడని వెలివేయలేదు. ఆయన కాలు మార్చుకొన్నాడు. ఆయనకోసం మదురై వెండితో ఒక సభ కట్టింది.